వేలాడే రోజుల లెక్క

నేను పనిలో ఉన్నానంటే ఇంట్లో మనిషి లేనట్టు. తక్కిన సామానంతా మనిషి ఉంటేనే పనిచేస్తుంది. నేను మాత్రం ఆయన గడప దాటాకే డ్యూటీ ఎక్కుతాను. అందుకే ఈ ఇంటి యజమాని ఏ ఏడాది ఎన్నాళ్ళు ఆదోనిలో ఉన్నాడో తెలియాలంటే పాస్‌పోర్టు ముద్రలు వెతకనక్కర్లేదు. ఆయన ఉన్న రోజులూ నేను వేలాడిన రోజులూ కలిపితే ఏడాది. ఆడిటరు ఆ లెక్క కాగితాల మీద కడతాడు, నేను మెడనొప్పితో కడతాను.

పుట్టింది అలీగఢ్‌లో. ఇత్తడి ఒళ్ళు, ఉక్కు కొక్కెం, కడుపులో లివర్లు. ఆ ఊళ్ళో నాలాంటి బీగాలు వీధికొకచోట తయారవుతాయి కాబట్టి పుట్టుక గురించి గొప్పలు చెప్పుకోను. ఆదోనిలో పత్తి వ్యాపారం చేసే పెద్దాయన, కొడుకు పెళ్ళయిన ఏడాది ఒకే రకం బీగాలు రెండు కొన్నాడు. ఒకటి నేను. రెండోదాన్ని ఎమ్మిగనూరులో వియ్యంకుడికిచ్చాడు. వాళ్ళది మగ్గం ఇల్లు. మాచాని సోమప్ప 1938లో పెట్టిన చేనేత సహకార సంఘానికి తరాలుగా నేసినవాళ్ళు.

పెద్దాయన ఉన్నన్నాళ్ళూ నాకు పని తక్కువ, మర్యాద ఎక్కువ. మంత్రాలయం పోయినప్పుడు ఒక రాత్రి, ఎమ్మిగనూరు నీలకంఠేశ్వర జాతరకు పోయినప్పుడు రెండు రాత్రులు. మిగతా రోజులన్నీ వసారా గూట్లో విశ్రాంతి. ఆయుధపూజ నాడు కాటాతోపాటు నాకూ కుంకుమబొట్టు, కడుపులో రెండు చుక్కల నూనె. పత్తి సీజనులో మార్కెట్‌యార్డు దగ్గర ట్రాక్టర్లు బారులు తీరి ఉండగా, ఇంట్లో డబ్బుందని తెలిసిన ఎవడో ఒక జాతర రాత్రి వచ్చాడు. గుంజాడు, రాయి పెట్టి కొట్టాడు, చివరికి తిట్టుకుంటూ పోయాడు. ఆ సొట్ట ఇప్పటికీ నా భుజాన ఉంది. పెద్దాయన దాన్ని వచ్చినవాళ్ళందరికీ చూపించేవాడు.

కొడుకు చదువుకని అమెరికా పోయి, ఉద్యోగంలో చేరి, గ్రీన్‌కార్డు తీసుకుని, చివరికి అక్కడి పౌరుడయ్యాడు. మన దేశం రెండు పౌరసత్వాలు ఒప్పుకోదు. 1955 పౌరసత్వ చట్టం ప్రకారం, ఇష్టపడి అక్కడ పౌరుడైతే ఇక్కడి పౌరసత్వం దానంతటదే పోతుంది. పుట్టిన ఇంటికి రావాలన్నా వీసా కావాలి. మొదటిసారి టూరిస్టు వీసా మీద దిగాడు.

“ఏందప్పా, మనింటికి నువ్వు టూరిస్టువా?” అని పెద్దాయన కడుపుబ్బ నవ్వాడు.

ముంబయి దాడులకు ముందు ఊరంతా తిరిగి చూసిపోయిన డేవిడ్ హెడ్లీ సంగతి బయటపడ్డాక, 2009 చివర్లో ఒక నియమం వచ్చింది. టూరిస్టు వీసా మీద వచ్చి వెళ్ళినవాళ్ళు మళ్ళీ రావాలంటే మధ్యలో రెండు నెలలు ఆగాలి. కొడుకు వచ్చి, ఉండి, వెళ్ళిన నెలలోపే పెద్దాయన మంచాన పడ్డాడు. అలాంటి అవసరాలకు ప్రత్యేక అనుమతి ఇస్తారు, ఇచ్చారు కూడా. కానీ అనుమతి తీసుకుని, టికెట్టు కొని, గుంతకల్లులో రైలు దిగి వచ్చేసరికి వసారాలో దీపం ఒక్కటే ఉంది. 2012 చివర్లో చాలా దేశాలవాళ్ళకు ఆ నియమం ఎత్తేశారు. మా ఇంటికి ఆ సడలింపు ఆలస్యంగా వచ్చింది.

నాకు కోపం నియమం మీద కాదు. విదేశీ పౌరులైన మనవాళ్ళ కోసం ఓసీఐ కార్డు పథకం 2006 జనవరిలో, అదీ మన హైదరాబాద్‌లో, ప్రవాసీ భారతీయ దివస్ సభలో మొదలైంది. ఆ కార్డు ఉన్నవాళ్ళకు రెండు నెలల ఎడం లేదు. “చూద్దాంలే” అని కొడుకు దరఖాస్తు పక్కన పడేశాడు. నా కడుపులో నూనె వెయ్యమన్నప్పుడూ ఇదే “చూద్దాంలే.”

కర్మ అయిపోయాక కార్డు తీసుకున్నాడు. అది జీవితాంతం చెల్లే వీసా. ఎన్నిసార్లయినా రావచ్చు, ఎన్నాళ్ళయినా ఉండొచ్చు, విదేశీయుల రిజిస్ట్రేషన్ ఆఫీసు గడప తొక్కనక్కర్లేదు. ఓటు మాత్రం లేదు. ఇక ఇంటి మగవాడు ఇంట్లో ఉంటాడు, నాకు గూడే గతి అనుకున్నాను.

తల్లి లెక్క వేరు. ఆమె భారత పౌరురాలే. అమెరికా వీసా పదేళ్ళకిచ్చారు. కానీ పదేళ్ళ వీసా అంటే పదేళ్ళు ఉండమని కాదు, పదేళ్ళపాటు తలుపు తట్టొచ్చని. తలుపు తీశాక ఎన్నాళ్ళు ఉండాలో విమానాశ్రయంలో అధికారి రాస్తాడు, మామూలుగా ఆరు నెలలు. ఆ తేదీ దాటి 180 రోజులకు పైగా ఉండిపోతే, వెళ్ళాక మూడేళ్ళు రానివ్వరు. ఏడాది దాటితే పదేళ్ళు. ఎమ్మిగనూరు వియ్యంకులకూ ఇదే పద్ధతి. ఒక ఆరు నెలలు ఈమె, ఒక ఆరు నెలలు వాళ్ళు, వంతులేసుకుని మనవళ్ళను చూసుకునేవాళ్ళు. నేను గూట్లో ఉంటే ఎమ్మిగనూరులో నా జోడు వేలాడేది. అది దిగితే నేనెక్కేదాన్ని.

కొడుకు తల్లికి గ్రీన్‌కార్డు తీస్తానన్నాడు. పౌరుడి తల్లికి అది త్వరగానే వస్తుంది. ఆమె అడిగిన ప్రశ్న ఒక్కటే: “అదొస్తే ఆదోనిలో ఎన్నాళ్ళుండొచ్చు నాయనా?” ఆరు నెలలు దాటి బయటుంటే తిరిగి వెళ్ళినప్పుడు ప్రశ్నలు మొదలవుతాయి, ముందస్తు అనుమతి లేకుండా ఏడాది దాటితే కార్డుకే ముప్పు. “వీసా అయితే ఆడుండే దినాలు లెక్కబెడతారు, కార్డయితే ఈడుండే దినాలు లెక్కబెడతారు. నాకొద్దు” అంది. ఈ ఇంట్లో చదువు తక్కువ ఆమెదే, తెలివి ఎక్కువా ఆమెదే.

ఒక చలికాలం కొడుకుతోపాటు ఆఫీసు స్నేహితుడొకడు వచ్చాడు. అమెరికావాడు. రణమండల కొండెక్కి ఆంజనేయుణ్ణి చూసి, కోట చుట్టి, పొద్దున్నే ఉగ్గాని మిరపకాయ బజ్జీ తిని కళ్ళు తుడుచుకుంటూ, ఇక్కడ ఒక చిన్న ఇల్లు కొనుక్కుని ఏటా చలికాలం గడపాలని ఉందన్నాడు. ఆడిటరు వసారాలోనే ఉన్నాడు. గూట్లోంచి నేనంతా విన్నాను.

టూరిస్టు ఈ-వీసా ఐదేళ్ళకిచ్చినా, అమెరికా, బ్రిటన్, కెనడా, జపాన్ వాళ్ళను ఒక విడతకు 180 రోజుల వరకే ఉండనిస్తారు. తక్కిన దేశాల్లో చాలావాటికి 90. ఇల్లు కొనడం ఇంకా కష్టం. భారతీయ మూలం లేని విదేశీయుడు ఇక్కడ నివాసి అయితేనే కొనగలడు. అందుకు ముందటి ఆర్థిక సంవత్సరంలో 182 రోజులకు మించి ఉండి ఉండాలి, పైగా ఉద్యోగానికో వ్యాపారానికో స్థిరంగా ఉండడానికి వచ్చినట్టు వీసా చెప్పాలి. టూరిస్టు వీసా మీద ఎన్నాళ్ళున్నా టూరిస్టే. కావాలంటే ఐదేళ్ళు మించకుండా అద్దెకు తీసుకోవచ్చు. గోవాలో ఈ తేడా పట్టించుకోకుండా సముద్రం పక్కన ఇళ్ళు కొన్న విదేశీయులు కొందరు తర్వాత ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్ విచారణల్లో చిక్కుకున్నారు. అమెరికావాడు ఇంకో బజ్జీ తీసుకుని ఆ మాట వదిలేశాడు.

“నాకు ఆ బాధ లేదు కదా” అన్నాడు మా వాడు.

“ఇళ్ళు ఎన్నయినా కొనండి సార్. మీ చేను పక్కన ఉందే నల్లరేగడి, అది మాత్రం కొనలేరు” అన్నాడు ఆడిటరు. ఓసీఐ కార్డుదారుడు వ్యవసాయ భూమి, తోట, ఫామ్‌హౌసు కొనకూడదు. తండ్రి నుంచి వారసత్వంగా వచ్చింది ఉంచుకోవచ్చు. అమ్మితే ఇక్కడ నివాసముండే భారత పౌరుడికే అమ్మాలి.

2020 మార్చి, కరోనా కలిసి వచ్చాయి. తల్లి అమెరికాలో ఉంది, నేను తలుపు మీద ఉన్నాను. జీవితాంతం చెల్లే ఓసీఐ కార్డును 13వ తేదీ నుంచి పక్కన పెట్టారు. ఇంకో పదిరోజుల్లో అంతర్జాతీయ విమానాలే ఆగిపోయాయి. అక్కడ ఆమె ఆరు నెలల గడువు దగ్గరపడుతుంటే పొడిగింపుకు దరఖాస్తు పెట్టారు. మే 7న మనవాళ్ళను వెనక్కి తెచ్చే వందే భారత్ విమానాలు మొదలయ్యాక కొన్నాళ్ళకు ఆమెకు సీటు దొరికింది. కొడుకు తోడు రాలేకపోయాడు. కార్డుదారులందరికీ మళ్ళీ దారి తెరిచింది ఆ అక్టోబరులోనే. ఆమె ఒక్కతే వచ్చి, క్వారంటైను ముగించుకుని, కొంగుముడి విప్పి చెవి తీసి నాలో పెట్టింది. నేను తిరగలేదు. ఆమె తప్పేం లేదు. పక్కనున్న జిన్నింగ్ మిల్లు నుంచి నూగు, ఆదోని ఎండాకాలపు దుమ్ము కలిసి నా కడుపులో గడ్డకట్టాయి. పక్కింటి అవ్వ దీపం నూనె తెచ్చి పోసింది. ఎన్నాళ్ళకో తాగానేమో, వెంటనే తెరుచుకున్నాను.

రెండేళ్ళకు ఆమె కూడా పోయింది. కొడుకు ఉద్యోగం మానేశాడు. ఇక ఏటా ఎక్కువకాలం ఇక్కడే అన్నాడు. గోడౌన్ల బాడుగ, మిల్లులో వాటా కలిపి ఏటా 15 లక్షలు దాటుతుంది. ఆడిటరు మళ్ళీ వసారాకొచ్చాడు. భారతీయ మూలం ఉండి వచ్చిపోయేవాడు ఆర్థిక సంవత్సరంలో 182 రోజులుంటే పన్ను చట్టానికి నివాసి. ఇక్కడి ఆదాయం 15 లక్షలు దాటితే 2020 నుంచి ఆ గీత 120కి దిగింది. అంతకు ముందు నాలుగేళ్ళలో మొత్తం 365 రోజులు కూడా ఉండి ఉండాలి. ఏటా వచ్చేవాడికి అదెంతసేపు? 120కీ 182కీ మధ్య ఆగినంతవరకూ అమెరికా పింఛను, వడ్డీల మీద ఇక్కడ పన్ను పడదు. అది కూడా వివరంగానే చెప్పాడు. కానీ మా వాడి చెవికెక్కింది 120 ఒక్కటే.

ఇంకో కిటుకూ చెప్పాడు. ఆర్థిక సంవత్సరం మార్చి 31న ముగుస్తుంది. ఏడాది విడిచి ఏడాది జనవరిలో వచ్చి జూనులో వెళితే రోజులు రెండేళ్ళకు చీలిపోతాయి, ఏ ఏడాదికీ 120 నిండవు. లెక్క సరిగ్గానే ఉంది. ఏప్రిల్, మే నెలల్లో ఆదోని మిద్దె కింద పడుకోవడం ఎలాగో అందులో లేదు. ఒక్క వేసవి చూశాడు. ఆ తర్వాత నవంబరులో వచ్చి ఫిబ్రవరిలో వెళ్ళడం మొదలుపెట్టాడు. జీవితాంతం ఉండమన్న కార్డు జేబులో ఉంది, ఇంటి పట్టా బీరువాలో ఉంది, మనిషి మాత్రం గోడమీద క్యాలెండరులో రోజులు కొట్టేసుకుంటూ ఉంటాడు.

చూసుకోడానికి పెట్టిన కుర్రవాడు చెవి పట్టకపోతే నన్ను రాయితో కొట్టేవాడు. దొంగ కొట్టిన సొట్ట పక్కన ఇంటివాళ్ళు కొట్టిన సొట్టలే ఎక్కువయ్యాయి. పోయినసారి కొక్కెం రంపంతో కోసేశారు. ఇప్పుడు తలుపుకు వేలిముద్ర తాళం. అమెరికా నుంచే ఫోనులో తెరుస్తాడట. బ్యాటరీ అయిపోయినప్పుడు ఏం చేస్తాడో చూడాలి. నన్ను గూట్లోకి కూడా కాదు, అటక మీద తుప్పు కాటా పక్కన పడేశారు. అక్కడే మూల కత్తిరించిన పాత భారత పాస్‌పోర్టు ఒకటి ఉంది, రద్దయిన ముద్రతో.

ఎమ్మిగనూరులో నా జోడు మాత్రం ఇంకా పనిలోనే ఉంది. వియ్యంకులు మొన్ననే వెళ్ళారు, ఆరు నెలల దాకా రారు. మగ్గాల వీధిలో ఆ తలుపు ముందు నుంచి పోయేవాళ్ళెవరైనా దానికి రెండు చుక్కలు నూనె వెయ్యండి. కుట్టుమిషను నూనె అయితే మంచిది. కొబ్బరినూనె వద్దు, నూగు పట్టేస్తుంది.