ఆ నలుగురూ, వారి అధ్యక్షుడూ

తెలుగు సమాజంలో రాజ్యాంగం ప్రస్తావించని, ఏ ఉత్తర్వూ నియమించని, అయినా ప్రతి గడప మీదా అధికారం చెలాయించే ఒక సంస్థ ఉన్నది. దానికి ‘నలుగురు’ అని పేరు. నలుగురు నవ్వుతారు, నలుగురు ఏమనుకుంటారు, నలుగురిలో పరువు పోతుంది అనే మూడు హెచ్చరికలు అక్షరాభ్యాసానికి ముందే పిల్లల చెవిన పడతాయి కనుక, తెలుగువారికి ఓనమాల కంటే ముందు వంటబట్టేది ఈ నలుగురి భయమేనని చెప్పినా తప్పులేదు. ఈ నలుగురూ ఎవరో, ఏ ఊరివారో, ఇతరుల సంసారాలను పట్టించుకొనే తీరిక వారికి ఎలా చిక్కిందో ఇంతవరకు ఎవరూ కనిపెట్టలేదు. సివిల్ సర్వీసెస్ అభ్యర్థికి మాత్రం వారిని కళ్లారా చూసే భాగ్యం దక్కుతుంది. ప్రిలిమ్స్ దాటి, మెయిన్స్ గట్టెక్కి, న్యూఢిల్లీ షాజహాన్ రోడ్డులోని ధోల్‌పూర్ హౌస్‌లో ఇంటర్వ్యూ గది తలుపు తోసుకొని లోపలికి వెళ్లినప్పుడు, యూనియన్ పబ్లిక్ సర్వీస్ కమిషన్ (యూపీఎస్సీ) సభ్యులొకరి అధ్యక్షతన, బల్లకు అవతల, సాధారణంగా సరిగ్గా నలుగురే కూర్చొని కనిపిస్తారు. పాతికేళ్లుగా రూపం లేకుండా వేధించిన భయానికి ఆ రోజు కళ్లజోడు కూడా ఉంటుంది.

ఈ ముఖాముఖికి ప్రభుత్వం పెట్టిన పేరు వ్యక్తిత్వ పరీక్ష. మెయిన్స్ రాత పరీక్షకు 1,750, దీనికి 275, మొత్తం 2,025 మార్కులు. సుమారు అరగంట సాగే ఈ పరీక్ష అడ్డుప్రశ్నల విచారణ కాదని, అభ్యర్థి మనోగుణాలను వెలికితీసే సహజ సంభాషణ మాత్రమేనని కమిషన్ తన ప్రకటనలో ఏటా హామీ ఇస్తూనే ఉంటుంది. బల్లకు ఒకవైపు అయిదుగురు, మరోవైపు ఒక్కరు కూర్చొని, ఆ ఒక్కరి జీవితాన్ని ఆ అయిదుగురు నిర్ణయించే సంభాషణను సహజమని భావించడానికి ఎంతో కొంత పాలనానుభవం అవసరం. తెలుగునాట ఇంతకు మునుపు ఆ అమరిక పెళ్లిచూపులలో మాత్రమే కనిపించేది; అక్కడైనా అభ్యర్థినికి కాఫీ కప్పుల పళ్లెం పట్టుకొనే పని ఉండేది కనుక చేతులు ఎక్కడ పెట్టుకోవాలన్న సమస్య తలెత్తేది కాదు.

నలుగురి ఎదుట తక్కువగా తూగుతామేమోనన్న భయం మితిమీరి నిత్యజీవితానికి అడ్డుపడే స్థితిని మనోవైద్యులు సామాజిక ఆందోళన అంటారు. అమెరికా మనోవైద్యుల సంఘం దీనిని 1980లో తన రోగనిర్ణయ గ్రంథంలో ప్రత్యేక రుగ్మతగా చేర్చింది. ఈ వ్యవహారంలో తెలుగు భాష అంతకంటే ముందే, అంతకంటే నిశితంగా పనిచేసింది. కొత్తవారి ముందు కలిగేది బెరుకు, అడుగు ముందుకు వేయనివ్వనిది జంకు, ఇతరులు మెచ్చుకొనేది బిడియం, వేదిక ఎక్కగానే మోకాళ్లలో మొదలయ్యేది సభాకంపం. వీటన్నిటికీ పెద్దది మొహమాటం, అనగా కాదని చెప్పలేకపోవడం. ఇది ఇంటర్వ్యూ గదిలో లోపంగానూ, ఉద్యోగంలో చేరిన తరువాత గుత్తేదారు బిల్లు పట్టుకొని వచ్చినప్పుడు సౌమ్యతగానూ పరిగణించబడుతుంది.

ముఖాముఖికి ఎంత బరువు ఉండవచ్చునన్న విషయాన్ని న్యాయస్థానం కూడా తూచి చూసింది. హర్యానా పబ్లిక్ సర్వీస్ కమిషన్ నియామకాలపై వచ్చిన అశోక్ కుమార్ యాదవ్ కేసులో సుప్రీంకోర్టు 1985లో తీర్పు చెబుతూ, సాధారణ అభ్యర్థులకు 22.2 శాతం, మాజీ సైనికులకు 33.3 శాతం మార్కులను మౌఖిక పరీక్షకు కేటాయించడం పక్షపాతానికి తలుపులు తెరవడమేనని భావించి, అప్పట్లో యూపీఎస్సీ పాటిస్తున్న 12.2 శాతాన్ని సాధారణ అభ్యర్థులకు కొలబద్దగా చూపింది. నేటి లెక్కలో ఆ వాటా 13.6 శాతానికి దగ్గరగా ఉన్నది. చూడడానికి చిన్న అంకెయే. అయితే రాత పరీక్షలో ఒక్కొక్క మార్కుకూ ర్యాంకులు తారుమారయ్యే చోట, ముఖాముఖిలో ఒకరికి 140, మరొకరికి 200 రావడం మామూలు విషయం కనుక, ఆ అరగంట గుండెదడ ఖరీదు ఒక సర్వీసు, ఒక రాష్ట్రం, ఒక్కోసారి మరొక ఏడాది జీవితం.

ఇక భయాన్ని సాగుచేసే పద్ధతి విషయానికి వస్తే, అందులో తెలుగువారి నైపుణ్యం ప్రశంసనీయం. పెద్దలు మాట్లాడుతుండగా నోరెత్తకపోవడం మంచి పిల్లల లక్షణం. తరగతిలో సందేహం అడగడం ధిక్కారం. ఇంటర్మీడియట్ రెసిడెన్షియల్ కళాశాలలో, తెల్లవారక ముందు మొదలై రాత్రి వరకు సాగే స్టడీ అవర్లలో, పక్కవాడితో మాట్లాడడం నేరం. ఆడపిల్ల గొంతు వీధి గదిలోకి వినబడకూడదన్న నియమం దీనికి అదనం. బస్సు కండక్టరు టికెట్టు వెనక రాసిచ్చిన చిల్లర అడగడానికి నోరు రాక, దిగవలసిన స్టాపులో దిగిపోయి, ఆ టికెట్టును జేబులో జ్ఞాపికగా దాచుకొనే యువకుడు ఈ శిక్షణకు పరిపూర్ణ ఫలం. ఇంత శ్రద్ధగా మూయించిన నోటిని ఇరవై అయిదో ఏట హఠాత్తుగా తెరిపించి, అందులో నాయకత్వ లక్షణాలు ఉన్నాయో లేదో చూడడం, కట్టేసి పెంచిన కోడిని పందెంలోకి దింపి, ఎగరలేదని నొచ్చుకోవడం వంటిది.

ఈ కొరతను పూరించే బాధ్యతను విపణి స్వీకరించింది. హైదరాబాదు అశోక్‌నగర్ నుంచి ఢిల్లీ ఓల్డ్ రాజిందర్‌నగర్ వరకు, మెయిన్స్ ఫలితాలు వెలువడిన మరునాటి నుంచే వ్యక్తిత్వం అమ్మకానికి వస్తుంది. తల్లిదండ్రులూ ఊరూ బడీ కలిసి రెండు దశాబ్దాల్లో తయారుచేయలేకపోయిన వస్తువును ఇక్కడ రెండు వారాల్లో, కొలతలు తీసుకొని, బ్లేజరుతో పాటు కుట్టి ఇస్తారు. ఈ వ్యవస్థకు వెన్నెముక మాక్ ఇంటర్వ్యూ, అనగా విశ్రాంత అధికారులనూ ఆచార్యులనూ కూర్చోబెట్టి జరిపే ఉత్తుత్తి ముఖాముఖి. అసలు బోర్డు సభ్యులు చాలా వరకు మర్యాదగా పలకరించి, మంచినీళ్లు తాగమంటారని వెళ్లివచ్చినవారు చెబుతుంటారు. ఉరమడం, పెదవి విరవడం, వాక్యం మధ్యలో ఆపేయడం వంటి బాధ్యతలను ఉత్తుత్తి బోర్డులే ఎక్కువగా నిర్వహిస్తాయి. నవ్వాలి కాని పళ్లు కనబడకూడదని ఒక బోర్డు, పళ్లు కనబడితేనే నిజాయితీ అని మరొక బోర్డు సలహా ఇవ్వగా, అభ్యర్థి రెండింటికీ మధ్యస్థమైన, పంటి నొప్పిని పోలిన ముఖకవళిక ఒకదానిని సిద్ధం చేసుకుంటాడు. మెయిన్స్‌కు ముందు తన పుట్టుపూర్వోత్తరాలు నింపి ఇచ్చిన సవివర దరఖాస్తులో, అనగా డీఏఎఫ్‌లో, అభిరుచుల గడి ఖాళీగా వదలలేక ‘వంట’ అని రాసినవాడు, ఇప్పుడు గోంగూరకూ చుక్కకూరకూ తేడా ఏమిటో వీడియోలు చూసి బట్టీ పడతాడు.

విజ్ఞానశాస్త్రం ఈ విషయంలో చేసిన ఒక ఉపకారాన్ని ఇక్కడ స్మరించుకోవాలి. మనిషిలో ఒత్తిడిని ప్రయోగశాలలో నమ్మకంగా పుట్టించే మార్గం కోసం వెతికిన జర్మనీలోని ట్రియర్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 1993లో ఒక పద్ధతిని ప్రకటించారు. అందులో కరెంటు షాకులు లేవు, పాములు లేవు. పాల్గొన్న వ్యక్తిని ఉద్యోగార్థిగా భావించుకోమని చెప్పి, ముఖంలో ఏ భావమూ చూపని కొందరు పరీక్షకుల ముందు నిలబెట్టి, ఆ ఉద్యోగానికి తానే ఎందుకు తగినవాడో అయిదు నిమిషాలు చెప్పమంటారు. తరువాత 1,022 నుంచి 13 చొప్పున తీసివేస్తూ బిగ్గరగా లెక్కపెట్టమని, తప్పితే మళ్లీ మొదటి నుంచి ఆరంభించమని ఆదేశిస్తారు. ఒత్తిడి వేళ శరీరం విడుదల చేసే కార్టిసాల్ అనే హార్మోను దీనితో రెండు నుంచి నాలుగు రెట్లు పెరిగినట్లు వారు నమోదు చేశారు. నాటి నుంచి నేటి వరకు ప్రపంచవ్యాప్తంగా ప్రయోగశాలలు మనిషిని భయపెట్టవలసి వచ్చినప్పుడు ఈ పద్ధతినే ఆశ్రయిస్తున్నాయి. అనగా శాస్త్రజ్ఞులు మనిషి ధైర్యాన్ని చెదరగొట్టడానికి ఎన్నుకొన్న సాధనాన్నే ప్రభుత్వాలు మనిషిలో ధైర్యం ఎంత ఉన్నదో కొలవడానికి ఎన్నుకొన్నాయి. చేయి వణికినవాడిని పిరికివాడని తేల్చే ముందు ఈ సంగతి గుర్తుంచుకోవడం న్యాయం.

వైద్యం మాట ఏమిటన్న ప్రశ్నకు డేవిడ్ క్లార్క్, ఏడ్రియన్ వెల్స్ అనే బ్రిటిష్ మనస్తత్వవేత్తలు 1995లో ప్రతిపాదించిన సిద్ధాంతం సమాధానం చెబుతుంది. వారి వివరణ ప్రకారం బెరుకు గల మనిషి ఎదుటివారిని చూడడం మానివేసి, తాను ఎలా కనిపిస్తున్నాడో తన లోపలే బొమ్మ కట్టుకొని చూస్తూ ఉంటాడు. ఆ బొమ్మ అసలు కంటే ఎప్పుడూ హీనంగానే ఉంటుంది. భయం బయటపడకుండా అతడు కొన్ని జాగ్రత్తలు తీసుకుంటాడు: వాక్యాన్ని పలకక ముందే మనసులో వల్లించుకోవడం, వణుకు దాచడానికి చేతులు బిగించడం, కళ్లు కలపకపోవడం వంటివి. వీటిని భద్రతా చేష్టలు అంటారు. తనను కాపాడుతున్నాయని అతడు నమ్మే ఈ చేష్టలే భయాన్ని పోషిస్తాయని, వాటిని విడిచి దృష్టిని బయటికి మళ్లించినప్పుడే భయం తగ్గుతుందని ఆ సిద్ధాంతం చెబుతుంది. శిక్షణ కేంద్రాల పాఠ్యప్రణాళికను ఈ జాబితా పక్కన పెట్టి చూస్తే, వైద్యులు మానమన్న చేష్టలలో అనేకం అక్కడ రుసుము తీసుకొని నేర్పుతున్నవేనని తేలుతుంది. వీడియో విషయంలోనూ ఇదే తమాషా: లోపలి బొమ్మ కంటే బయటి మనిషి నయంగానే ఉన్నాడని నమ్మకం కలగడానికి చికిత్సలో వీడియో చూపుతారు, కోచింగ్ కేంద్రంలో అదే వీడియోను ‘అంటే’ అన్న మాట ఎన్నిసార్లు దొర్లిందో లెక్కించడానికి చూపుతారు.

నిజంగా పనికివచ్చేవి చవకైనవి కావడం వల్లనే కాబోలు వాటికి ప్రకటనలు లేవు. భయపడే పనిని చిన్న మోతాదు నుంచి మొదలుపెట్టి పదేపదే చేయడం వాటిలో మొదటిది; టికెట్టు వెనక రాసిన చిల్లరను అడిగి తీసుకోవడం ఈ వైద్యంలో ప్రథమ సోపానంగా పనికివస్తుంది. తెలియని ప్రశ్నకు తెలియదని చెప్పడం రెండవది. ఆ ఒక్క మాట కోసం తెలుగు అభ్యర్థి పడే ప్రసవవేదన చూస్తే, ఆ మాట అతడి పాఠశాలలో ఎన్నడూ వాడుకలో లేదని అర్థమవుతుంది. మూడవది భాష. మాతృభాషలో ముఖాముఖికి హాజరయ్యే వీలు నిబంధనల్లోనే ఉన్నది. దుబాసీని కమిషనే ఏర్పాటు చేస్తుంది. అతడు ప్రశ్నను అనువదించే ఆ కొన్ని క్షణాలు ఆలోచనకు ఉచితంగా దొరికే వ్యవధి. శ్రీకాకుళం జిల్లాకు చెందిన రోణంకి గోపాలకృష్ణ తెలుగు మాధ్యమంలో పరీక్ష రాసి, తెలుగులోనే మాట్లాడి, 2016 సివిల్స్‌లో దేశంలో మూడో ర్యాంకు సాధించారు. ఆ వార్తకు తెలుగునాట ఘనంగా సన్మానాలు జరిగాయి. సన్మానించినవారు మరునాడు యథాప్రకారం తమ పిల్లలను స్పోకెన్ ఇంగ్లీషులో చేర్పించారు.

వీటన్నిటి కంటే సులభమైన చికిత్సను ప్రభుత్వాలే కనిపెట్టాయి. కేంద్రం 2016 జనవరి 1 నుంచి గెజిటెడేతర గ్రూప్-బి, గ్రూప్-సి కొలువులకు ఇంటర్వ్యూలను తొలగించింది. తెలంగాణ 2022లో గ్రూప్-1కు కూడా ఎత్తివేసింది. పైరవీలకు దారి మూసివేయాలన్న ఉద్దేశం మెచ్చుకోదగినదే. అయితే సభాకంపాన్ని ప్రభుత్వ ఉత్తర్వుతో రద్దు చేయడం వీలుపడదు కనుక, అది అభ్యర్థి వెంటే నియామక పత్రం అందుకొని, శిక్షణ పూర్తిచేసుకొని, మొదటి పోస్టింగులో విధుల్లో చేరుతుంది.

అక్కడ కుర్చీ మారుతుంది. ప్రతి సోమవారం కలెక్టరేట్లలో జరిగే అర్జీల స్వీకరణలో అధికారి బల్లకు అవతలి వైపు, అయిదుగురు కూర్చొనే వైపున ఉంటాడు. ఇవతల, పట్టాదారు పాసు పుస్తకంలో సర్వే నంబరు తప్పుపడిన ఒక వృద్ధ రైతు, తొలి బస్సుకు బయలుదేరి వచ్చి, దారి పొడవునా వల్లించుకొన్న వాక్యం గది గుమ్మంలో మరచిపోయి, అర్జీని రెండు చేతులా బిగించి పట్టుకొని, ‘అయ్యా’ అన్న మాట దగ్గరే ఆగిపోతాడు. ఆయనకు 275 మార్కులు లేవు, దుబాసీ లేడు, ఉత్తుత్తి అర్జీలు ఇప్పించి అలవాటు చేసే కేంద్రం ఏ నగర్‌లోనూ లేదు. ‘తొందరగా చెప్పు పెద్దాయనా, వెనక ఇంకా నలుగురున్నారు’ అంటాడు బంట్రోతు.