సందేహమంతయు రేపటిదే

కంపెనీల వార్షిక నివేదికలను మొదటి పుటనుండి తుదివరకు చదువు ఓపిక గలవారు లోకమున మిక్కిలి అరుదు. వానిని వ్రాయువారును ఆ కోవకు చెందరేమో యని నా అనుమానము. అయినను, ఏమియు చెప్పకుండ రెండువందల పుటలు చెప్పు విద్య నేర్వదలచినవారికి అంతకు మించిన పాఠ్యగ్రంథము లేదు. అందు అమ్మకములు పెరుగవచ్చును, పెరుగకయు పోవచ్చును. ఋతుపవనములు, ముడిచమురు ధర, పరదేశపు ఎన్నికలు వీనిలో నేదైనను లాభమును తినివేయవచ్చును. వాటాదారుడు దానిని చదివి ధైర్యము తెచ్చుకొనవచ్చును గాని, ఆ ధైర్యమును ఆధారము చేసికొని న్యాయస్థానమునకు పోరాదు.

ఈ వినయము కంపెనీలకు పుట్టుకతో వచ్చినది కాదు. 1995 డిసెంబరులో అమెరికా కాంగ్రెసు, అధ్యక్షుడు క్లింటన్ వీటోను సైతము త్రోసిపుచ్చి, ఒక చట్టము చేసెను: భవిష్యత్తును గూర్చి కంపెనీ పలికిన పలుకు తప్పిపోయినను, ఆ పలుకు పక్కన అర్థవంతమైన హెచ్చరిక యుండెనేని, మదుపరుల దావాలనుండి దానికి రక్షణ కలదు. దీనికి 'సేఫ్ హార్బర్' అని పేరు. నాటినుండి అచ్చటి మార్కెట్టులో వాటాలమ్ము కంపెనీల ప్రకటనల చివర హెచ్చరికల పేరా యొకటి తప్పనిసరి ఆచారమైనది. పాపము, జాతకములు వ్రాయు సిద్ధాంతిగారికి మాత్రము ఇట్టి అభయము నే శాసనసభయు ప్రసాదింపలేదు.

మన దేశపు లెక్కల ప్రమాణమగు ఇండ్ ఏఎస్ 37 మరింత సూక్ష్మబుద్ధి గలది. కంపెనీపై నెవరో దావా వేసిరనుకొందము. సొమ్ము చెల్లింపవలసివచ్చుట, రాకపోవుటకంటె ఎక్కువ సంభావ్యమని తోచి, ఆ మొత్తమును అంచనా కట్టగలిగినచో, లాభమునుండి ప్రొవిజన్ తీయవలెను. కేవలము సాధ్యమే యనిపించినచో, నోట్సులో కంటింజెంట్ లయబిలిటీ యని వ్రాసిన చాలును. బహుదూరపు మాట యనుకొన్నచో, ఊరకుండవచ్చును. ఆదాయపు పన్ను శాఖవారి డిమాండ్లనేకములు ఈ నడిమి గదియందే ఏండ్ల తరబడి కాపురముండును. అదే దావా, అదే న్యాయస్థానము, అదే వకీలు. కాని వకీలుగారి అభిప్రాయపత్రమున ఒక్క విశేషణము మెత్తబడెనా, ఆ యేటి లాభము కోట్లలో పెరిగి, డైరెక్టర్ల దూరదృష్టిని అధ్యక్షులవారు తమ ప్రసంగమున కొనియాడుట కవకాశము కలుగును. మరుసటి యేట నష్టమే వచ్చినచో, ఆ డైరెక్టర్లే కంటికి కానరారు, తప్పంతయు ఎదురుగాలిది.

ఇన్ని సందేహములు నింపిన పత్రమున సందేహమెరుగని వాక్యమేదైన కలదా యని వెదకినచో, అది గడచిన కాలపు అంకెలలో దొరకును. హైదరాబాదువారికి దీనిని వివరింప నక్కరలేదు. 2001 నుండి న్యూయార్కు స్టాక్ ఎక్స్ఛేంజిలోను నమోదైయుండిన సత్యం కంప్యూటర్స్ ప్రకటనల తోకకును హెచ్చరికల పేరా యథావిధిగా వ్రేలాడుచుండెడిది. రేపటిని గూర్చి ఆ సంస్థకు గల అణకువ నెవ్వరును వంక పెట్టలేరు. కాని 2008 సెప్టెంబరు 30 నాటి లెక్కలలో నగదు, బ్యాంకు నిల్వలు 5,361 కోట్ల రూపాయలని చూపినచోట 'కావచ్చును' అన్న పలుకు లేదు. 2009 జనవరి 7న అధ్యక్షుడు రామలింగరాజు బోర్డుకు వ్రాసిన లేఖ ప్రకారము, అందులో 5,040 కోట్లు లేనేలేవు. ఆ త్రైమాసికపు నిర్వహణ లాభము 649 కోట్లని ప్రకటింపబడినది. నిజమునకు 61 కోట్లు. మన కార్పొరేట్ వాఙ్మయమున ఇంత సూటియైన వచనమును నేనింకొకటి చదివి యెరుగను. ఎదురుగాలి లేదు, పరదేశపు ఎన్నికలు లేవు; అంకె, దాని పక్కన అసలు అంకె.

ఆ సూటిదనము వారము దినములైనను నిలువలేదు. జనవరి 13న ఆడిటర్లగు ప్రైస్ వాటర్‌హౌస్ వారు బోర్డుకు లేఖ వ్రాయుచు, తమ ఆడిట్ నివేదికలను ఇకమీదట నమ్మవలదని చెప్పి, అధ్యక్షుని లేఖలోని విషయములు కొంతమేరకే నిజమైనను, కంపెనీ లెక్కల యథార్థతపై వాని ప్రభావము గణనీయముగా నుండవచ్చుననియు, సమగ్ర విచారణ లేనిదే ఆ ప్రభావమెంతయో లెక్కగట్టుటకు వీలుపడదనియు జాగ్రత్తగా విన్నవించిరి.