సీసా వంపితే టెరియాకి అయిపోదు

మా రోజుల్లో సియాటిల్‌లో టెరియాకి అంటే పొయ్యి మీద తయారయ్యేది. ఇప్పుడది సీసాలో వస్తోంది. ఇదంత పెద్ద తేడా కాదంటారు మా పిల్లలు. నేను మాత్రం ఒప్పుకోను.

1980ల్లో మేము గుంటూరు నుంచి ఈ ఊరొచ్చేసరికి ఏ సందు తిరిగినా ఒక టెరియాకి కొట్టు కనబడేది. ఆ ఒరవడి పెట్టినాయన జపాన్ నుంచి వచ్చిన తోషి కసహారా. 1976లో రాయ్ స్ట్రీట్‌లో చిన్న హోటల్ తెరిచాడు. కాల్చిన కోడిమాంసం, దానిమీద నిగనిగలాడే తియ్యటి సోయా సాస్, పక్కన అన్నం. ఊరు ఊరంతా దాన్ని తన సొంతం చేసుకుంది. తర్వాత తర్వాత కొరియా కుటుంబాలు అలాంటి కొట్లు చాలా నడిపాయి. వాళ్లు సాస్‌లో అల్లం, వెల్లుల్లి దట్టించారు. అల్లం వెల్లుల్లి వాసన తగిలాక ఇక మనవాళ్లు ఆగుతారా? కొట్లో తిన్నదాన్ని ఇంట్లో నూడుల్స్‌తో చేసుకోవడం మొదలుపెట్టాం. పిల్లలకు అన్నం కంటే నూడుల్స్ మీదే మోజు మరి.

సరుకులకు ఉవాజిమాయాకు వెళ్లేవాళ్లం. ఫుజిమాత్సు మొరిగుచి అనే ఆయన 1928లో టకోమాలో మొదలుపెట్టిన దుకాణం అది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఆ కుటుంబాన్ని, మిగతా జపాన్ సంతతి వాళ్లతో పాటు, నిర్బంధ శిబిరానికి తరలించారు. బయటికొచ్చాక వాళ్లు సియాటిల్‌లో మళ్లీ దుకాణం తెరిచారు. మా రోజుల్లో అక్కడ సోయా సాస్ చేతిలో పట్టుకుని అయోమయంగా నిలబడితే పక్కనే ఉన్న ఏ జపాన్ పెద్దావిడో పలకరించి, ఏది దేనికో విడమరిచి చెప్పేది. వంట అలా మనిషి నుంచి మనిషికి అందేది. ఇప్పుడు అదే అరల ముందు అందరూ ఫోన్లో తల దూర్చి నిలబడుతున్నారు. పక్కన ముప్పై ఏళ్లుగా వండుతున్న మనిషి ఉన్నా అడిగే నాథుడు లేడు.

సీసాలు అప్పుడు లేవని నేననను. కిక్కోమన్ అనే సోయా సాస్ కంపెనీ వాళ్లు అమెరికాలో టెరియాకి సాస్‌ను 1961లోనే సీసాల్లో అమ్మారు. కానీ మా ఇళ్లలో దాన్ని మాంసం నానబెట్టడానికి వాడేవాళ్లం, అంతే. వంటంతా దాని నెత్తిన పెట్టి మనం తప్పుకోవడం ఈ మధ్య వచ్చిన తెగులు.

అసలు పని ఎంతుందని? పావు కప్పు సోయా సాస్, పావు కప్పు మిరిన్, రెండు చెంచాల సాకే అనే బియ్యపు మద్యం, ఒక పెద్ద చెంచా పంచదార. చిన్న గిన్నెలో పోసి సన్నమంట మీద పెట్టాలి. ముందు చిన్న చిన్న బుడగలు వస్తాయి. నీరు ఇంకేకొద్దీ అవి పెద్దవై, బద్ధకంగా లేచి పగులుతాయి. గరిటె అడుగున గీస్తే దారి ఒక్క క్షణం అలాగే నిలిచి మళ్లీ మూసుకోవాలి. పాకం పట్టడం తెలిసిన చేతికి ఇది వేరే చెప్పక్కర్లేదు. తీగ రాకముందే దించినట్టు దించెయ్యాలి. చల్లారితే ఇంకా చిక్కబడుతుంది. ఆ మెరుపు పంచదార, మిరిన్ మరిగి దగ్గరపడితే వచ్చేది. చాలా సీసాల్లో చిక్కదనం మొక్కజొన్న పిండి పెట్టిన భిక్ష. అందుకే అది నూడుల్స్‌ను పట్టుకోదు, జిగురులా మీద కూర్చుంటుంది.

మిరిన్ సంగతి కూడా చెప్పాలి. అసలైన మిరిన్‌ను జిగురుబియ్యం, కోజీ అనే బూజు పట్టించిన బియ్యం, షోచు అనే సారా కలిపి నెలల తరబడి మాగబెట్టి తీస్తారు. అందులో 14 శాతం దాకా ఆల్కహాల్ ఉంటుంది, తీపి బియ్యం నుంచే వస్తుంది. ఇప్పుడు మిరిన్ పేరుతో అరల నిండా దొరికేది చాలావరకు గ్లూకోజ్ సిరప్. సీసా తిప్పి వెనక చదవండి. మొదటి పేరు సిరప్ అయితే అక్కడే పెట్టేసి రండి.

నూడుల్స్ దగ్గరా ఇదే వరస. గడ్డకట్టించిన ఉడాన్ అనే లావాటి గోధుమ నూడుల్స్ తెచ్చి, మరిగే నీళ్లలో ఒక్క నిమిషం వేసి, పోగులు విడగానే వార్చేసేవాళ్లం. బాణలి పొగలు కక్కేలా కాగాక కోడి తొడ ముక్కలు తోలు కిందికి వేసి ఎర్రగా వేయించి, ఆ కొవ్వులోనే ఉల్లిపాయ, క్యాబేజీ, క్యారెట్. అవి కరకరలాడుతుండగానే నూడుల్స్, చివర్లో సాస్. సాస్ పడ్డాక అర నిమిషం తిప్పితే చాలు, లేదంటే పంచదార మాడి చేదెక్కుతుంది. మంట ఆపాక నాలుగు చుక్కల నువ్వుల నూనె. ఇప్పుడేమో నూడుల్స్, కూరగాయలు, సాస్ అన్నీ ఒకే గిన్నెలో నీళ్లు పోసి ఉడికించేస్తున్నారు. క్యాబేజీ పీచై, నూడుల్స్ ముద్దై, అదంతా గోధుమరంగు గంజిలా తేలుతుంది.

మా మనవడు అలాంటిదే నా ముందు పెట్టి, "అమ్మమ్మా, ఇది టెరియాకి నూడుల్సే, సీసా మీద రాసుంది కదా" అన్నాడు. నాకు నిజంగా బాధేసింది. రుచేంటో నాలుక చెప్పాలి గానీ సీసా మీది చీటీ చెప్పడమేమిటి?

జపాన్‌లోనే ఒక ఊరి సంగతి చెబుతాను. 1945లో యుద్ధం ముగిశాక కొకురా పట్టణంలో వేపుడుకి వాడే నూడుల్స్ దొరకలేదు. దరుమాదో అనే చిన్న హోటల్ వాళ్లు ఎండు ఉడాన్‌ను ఉడకబెట్టి, పెనం మీద వేయించి పెట్టారు. యాకి ఉడాన్ అలా పుట్టిందని అక్కడ చెబుతారు. చేతిలో ఏమీ లేని రోజుల్లోనూ వాళ్లు పెనం ముందు నిలబడి ఉన్నదాన్ని రుచిగా మార్చారు. మనకు ఇవాళ అన్నీ ఉన్నాయి, నిలబడటమొక్కటే కరువు.

ఆరోగ్యం మాట కూడా ఎత్తకుండా ఉండలేను. మామూలు సోయా సాస్ ఒక పెద్ద చెంచాలో దాదాపు 900 మిల్లీగ్రాముల సోడియం ఉంటుంది. రోజంతటికీ 2000 దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. మా ఆయనకు బీపీ వచ్చాక నేను ఉప్పు తక్కువుండే సోయా సాస్‌కి మారాను, పాళ్లు తగ్గించాను, అల్లం పెంచాను. రుచి పోలేదు. సీసాలో కలిపేసిన ఉప్పును, తీపిని ఎవరు తీసి పారేయగలరు? ఇంట్లో ఎవరికి ఏది పడదో ఆ ఫ్యాక్టరీకి తెలియదు, వండేవాళ్లకే తెలుస్తుంది. ఇంటివంటకున్న విలువంతా అక్కడే ఉంది.

తీరిక లేదంటారు. మేమూ ఉద్యోగాలు చేశాం, వానలో బస్సులు మారి ఇళ్లకు చేరాం, ఆ తర్వాతే పొయ్యి వెలిగించాం. సాస్ దగ్గరపడటానికి పట్టేది పది నిమిషాలు. ఆ పది నిమిషాలు కూడా లేనిరోజు ఊళ్లో ఇంకా నాలుగు మంచి కొట్లు మిగిలున్నాయి, అక్కణ్నుంచి తెప్పించుకోండి. వాళ్ల గిరాకీ నిలబడుతుంది, మీ కడుపూ నిండుతుంది, అందులో తప్పేం లేదు. సీసా వంపి, ఉడకేసి, ఇంట్లో వండామని మాత్రం నాతో చెప్పకండి.