లోపలంతా బి-3నే

పాత హామండ్ ఆర్గన్‌ని ఇంట్లో బాగుచేసుకునే మనిషిని పోల్చుకోవడానికి ఇంట్లోకి వెళ్ళక్కర్లేదు. జనవరిలో షికాగో శివార్లలో ఏ వీధిలోనైనా నడవండి. అందరి కార్లూ గరాజుల్లో వెచ్చగా ఉంటాయి. ఒక్క కారు మాత్రం ఆరుబయట మంచులో కూరుకుపోయి ఉంటుంది. ఆ గరాజులో ఆర్గన్ ఉందన్నమాట. అద్దం మీది మంచు గీక్కుంటూ ఆఫీసుకి ఆలస్యమవుతున్న ఆ ఆసామీ మొహంలో విచారం వెతక్కండి, దొరకదు. రాత్రంతా ఆర్గన్‌కి చలి తగలకుండా హీటరు పెట్టి వచ్చాడాయె.

ఈ జాతిలో ఎక్కువమంది అరవై దాటిన అమెరికన్లు. రిటైరైన ఎలక్ట్రీషియన్లు, ఒకప్పుడు చర్చిలో వాయించి మానేసినవాళ్ళు, కుర్రతనంలో రాక్ బ్యాండు పెట్టి తల్లిదండ్రుల్ని క్షోభపెట్టినవాళ్ళు. మనవాళ్ళు అరుదు. ఆ అరుదైనవాళ్ళలో ఒకాయన నాకు తోడల్లుడు కావడం నా జాతకం. పేరుతో పనిలేదు. ఈ జబ్బు పట్టినవాళ్ళంతా ఒకేలా ఉంటారు కనక అన్నయ్య అంటే చాలు, నేను పిలిచేదీ అలాగే.

జబ్బు అంటుకునే తీరు ఎక్కడైనా ఒకటే. ఎక్కడో ఒక ప్రకటన కనిపిస్తుంది: ‘ఆర్గన్. ఉచితం. మీరే మోసుకుపోవాలి.’ అందులో ‘ఉచితం’ దాకా చదివి ఆగిపోయేవాడే ఆర్గన్‌గ్రస్తుడు. 1950లు, 60లలో అమెరికా మధ్యతరగతి హాల్లో ఆర్గన్ ఉండడం ఒక గొప్ప. తర్వాత పిల్లలు వెళ్ళిపోయారు, అమ్మమ్మ పోయింది, ఇల్లు అమ్మాలి. ఆ పెట్టె మాత్రం ఎవరికీ అక్కర్లేదు.

అయితే ఉచితంగా దొరికేది బి-3 అనే మోడల్ కాదు. అది ఈ మతంలో మూలవిరాట్టు. జిమ్మీ స్మిత్ జాజ్‌లో దానికి ప్రాణప్రతిష్ఠ చేశాడు, నల్లవాళ్ళ చర్చీలు దాన్ని గుండెలకి హత్తుకున్నాయి, 1974లో కంపెనీ తయారీ ఆపేసింది. ఇప్పుడది వేల డాలర్ల మాట. కనక మనవాడికి దక్కేది ఏ ఎమ్-3యో, అదృష్టం బావుంటే ఏ-100యో. ఎమ్-3 దొరికినవాడు 1962లో బుకర్ టి. ‘గ్రీన్ ఆనియన్స్’ వాయించింది సరిగ్గా దీనిమీదే అని జీవితాంతం చెబుతాడు. అన్నయ్యకి దొరికింది ఏ-100. కాబట్టి ఆయన జీవితాంతం చెప్పే మాట వేరు: “పైకి అలా ఉంది గానీ, లోపలంతా బి-3నే.”

అది అబద్ధం కాదు, అదే మా దురదృష్టం. నాలుగు కాళ్ళమీద నిలబెడితే బి-3. వాయించేవాళ్ళ కాళ్ళు భక్తులకి కనబడకుండా చుట్టూ చెక్క బిగిస్తే చర్చికి తగిన సి-3. ఇంటికోసం అందులోనే స్పీకర్లు కూడా అమర్చితే ఏ-100. గుండెకాయ మాత్రం మూడింటికీ ఒకటే. ఈ సంగతి అన్నయ్య నాకూ, మా ఆవిడకీ, పాలసీ అమ్మడానికి వచ్చిన ఇన్సూరెన్సు ఏజెంటుకీ వివరంగా చెప్పాడు. ఆ ఏజెంటు మళ్ళీ రాలేదు.

దాన్ని ఇంటికి చేర్చిన ఆదివారం సంగతి చెప్పాలి. బిర్యానీకి రమ్మన్నారు, వెళ్ళాం. బిర్యానీ నిజమే. దానికి ముందు ట్రక్కు ఉంది. ఆర్గనూ, పాదాలతో వాయించే పెడళ్ళూ, బల్లా అన్నీ కలిపి రెండు క్వింటాళ్ళకి దగ్గర. “మెల్లగా! లోపల చక్రాలున్నాయి!” అని అన్నయ్య ముందు నడుస్తూ అరుస్తున్నాడు. మా నడుముల్లో ఏమున్నాయో అడగలేదు.

చక్రాల సంగతి వినకుండా ఆ ఇంట్లో కాఫీ తాగడం కుదరదు. ఆర్గన్ వెనక చెక్క ఎప్పుడూ ఊడదీసే ఉంటుంది. టార్చి వేసి మరీ చూపిస్తాడు. వెండి డాలరంత ఉక్కు చక్రాలు, అంచు పొడుగునా ఎగుడుదిగుళ్ళు. ప్రతి చక్రం ముందూ తీగ చుట్టిన అయస్కాంతం. ఎగుడుదిగుళ్ళు దానిముందు నుంచి పోతుంటే తీగలో కరెంటు ఊగుతుంది, ఆ ఊగడమే స్వరం. స్వరాలు పలికే చక్రాలు 91, ఊరికే తూకం కోసం తిరిగే నున్నటివి మరో 5. అన్నిటినీ తిప్పేది ఒకే మోటారు. అది ఊళ్ళోకి వచ్చే కరెంటు తాళానికి కట్టుబడి నిమిషానికి కచ్చితంగా 1,200 చుట్లు తిరుగుతుంది, అంటే సెకనుకి 20. 88 పళ్ళ చక్రం 64 పళ్ళదాన్ని తిప్పితే ఆ 20 కాస్తా 27.5 అవుతుంది. అంచున 16 పళ్ళున్న చక్రం ఆ వేగంతో తిరిగితే ఎంత?

“440!” అంటాడు ఆయనే, మనం చెప్పేలోగా. ప్రపంచమంతా శృతికి ప్రమాణంగా పెట్టుకున్న ‘ఏ’ స్వరం. ఇక్కడికి వచ్చేసరికి ఆయన గొంతు పూడుకుపోతుంది. పెళ్ళినాటి ముచ్చట్లు చెప్పేటప్పుడు ఎప్పుడూ పూడుకుపోలేదని వదిన అభియోగం.

ఈ ఏర్పాటు వల్ల హామండ్‌కి శృతి తప్పడమనేది లేదు. శృతి చేసే మనిషితో పనీ లేదు. శృతి పవర్‌హౌస్‌లో ఉంది. “అందుకే దీన్ని ఇండియా తీసుకెళ్ళకూడదు,” అని వేలు చూపిస్తాడు అన్నయ్య. ఇక్కడి కరెంటు సెకనుకి 60 సైకిళ్ళు, అక్కడ 50. వోల్టేజీకి ట్రాన్స్‌ఫార్మరు పెట్టినా లాభం లేదు. మోటారు 1,000 చుట్లకి పడిపోయి, ఆర్గన్ మొత్తం మూడు మెట్లు కిందికి, ఆపైన మరికాస్త దిగిపోతుంది. తీసుకెళతామని ఎవరూ అనలేదు. ఆ హెచ్చరిక మాత్రం గృహప్రవేశాల్లోనూ సత్యనారాయణ వ్రతాల్లోనూ ప్రసాదంతోపాటు అందరికీ అందింది.

ఈ జాతికి మూలపురుషుడు లారెన్స్ హామండ్. 1895లో షికాగో పక్కనే ఎవాన్‌స్టన్‌లో పుట్టాడు. వృత్తికి ఇంజనీరు, వ్యాపారం గడియారాలు. గడియారాల గిరాకీ పడిపోతే, వాటిని తిప్పే మోటారుతోనే పేకముక్కలు తనే కలిపి పంచే బల్ల చేశాడు. ఆ తర్వాత అదే మోటారుతో ఆర్గన్ చేశాడు. 1934లో పేటెంటు, 1935లో అమ్మకం. మొదట్లో కొన్నవాళ్ళలో హెన్రీ ఫోర్డ్, జార్జ్ గెర్ష్‌విన్ ఉన్నారు. గొట్టాల ఆర్గన్లవాళ్ళకి కడుపు మండింది. వ్యవహారం ఫెడరల్ ట్రేడ్ కమిషన్ దాకా పోయింది. షికాగో విశ్వవిద్యాలయం ప్రార్థనామందిరంలో అసలు ఆర్గనూ, హామండూ మార్చి మార్చి కనబడకుండా వాయించి ఏది ఏదో చెప్పమంటే, విన్నవాళ్ళు దాదాపు మూడోవంతు సార్లు తప్పు చెప్పారు. అన్నయ్య ఈ కథ ఎలా చెబుతాడంటే, ఆ మందిరంలో మూడో వరసలో తనూ కూర్చున్నాడేమో అనిపిస్తుంది.

ఇందులో ఆయనకి అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం ఒకటుంది: హామండ్‌కి ఆర్గన్ వాయించడం రాదు. కనిపెట్టినవాడికే రానప్పుడు బాగుచేసేవాడికి ఎందుకు రావాలి? అన్నయ్యకి వచ్చింది ఒక్క సి మేజర్ కార్డ్. మూడు వేళ్ళూ మూడు మెట్లమీద పెడతాడు, రెండో చేత్తో స్వరం రంగు మార్చే డ్రాబార్లు లాగుతాడు, తోస్తాడు, తలవంచి వింటాడు, “ఊఁ” అంటాడు, కట్టేస్తాడు. కచేరీ అయిపోయింది.

మోగించేది కాసేపు, విప్పేది కాలమంతా. ఒక్కో మెట్టు కింద తొమ్మిదేసి సన్నటి తీగలు, 61 మెట్లు, రెండు వరసలు, వెరసి 1,098. వాటిలో ఒక్కదానికి దుమ్ము పట్టినా ఒక్క స్వరంలో ఒక్క పోగు మూగబోతుంది. మనబోటివాడికి తెలియను కూడా తెలియదు, ఆయనకి నిద్ర పట్టదు. దీనికి విరుగుడుగా లోపల ఒక స్క్రూ ఉంది. తిప్పితే తీగలు తగిలే పల్లాడియం కడ్డీ పక్కకి జరిగి కొత్త చోటు దొరుకుతుంది. ఆ స్క్రూ గురించి ఆయన మాట్లాడే తీరు వింటే వదిన అసూయపడడంలో తప్పులేదనిపిస్తుంది.

నూనె మరో తతంగం. పైన చిన్న తొట్టెలు, వాటినుంచి బేరింగులకి నూలుపోగుల ఒత్తులు. ఏడాదికోసారి కొలిచి పోయాలి. ఎక్కువైతే కష్టం, మరిచిపోతే మహాపాపం. తలుపు బందులకి కొట్టే స్ప్రే కొట్టొచ్చా అని నేను అమాయకంగా అడిగితే, కాసేపు నావంక చూసి, “పిల్లలున్న ఇల్లు తమ్ముడూ, అలాంటి మాటలు అనకు,” అన్నాడు. దేవుడి దగ్గర దీపంలో నూనె ఉందో లేదో ఏనాడూ చూడని మనిషి ఈ ఒత్తులకి చూపించే భక్తి గురించి వదిన అన్న మాటలు ఇక్కడ రాయడం మర్యాద కాదు.

ఇక శాఖాభేదాలు. పాత ఆర్గన్లలో మైనం పూసిన కెపాసిటర్లు ఉంటాయి. ఏళ్ళు గడిచేకొద్దీ వాటి విలువ మారి పైస్వరాలు మసకబారతాయి. మార్చి పారేస్తే ఆర్గన్ ఫ్యాక్టరీనుంచి వచ్చిననాటి గొంతుతో పలుకుతుందంటుంది ఒక శాఖ. ఆ మసకే అసలు అందం, ముట్టుకుంటే చెయ్యి విరుగుతుందంటుంది రెండో శాఖ. వీళ్ళిద్దరినీ ఒక భోజనాల బల్ల దగ్గర కూర్చోబెట్టకూడదు. ఇద్దరూ ఏకమయ్యేది ఒక్క విషయంలోనే: మోయడానికి వీలుగా ఆర్గన్‌ని రంపంతో కోసి రెండు ముక్కలు చేసేవాళ్ళున్నారు, వాళ్ళకి నరకంలో ప్రత్యేకమైన గది ఉంది.

ట్యూబుల యాంప్లిఫయరు విప్పేటప్పుడు అన్నయ్య ఎడమచెయ్యి జేబులో పెట్టుకుంటాడు. ప్లగ్గు పీకినా లోపల వందల వోల్టులు నిలవుంటాయట, రెండు చేతులూ తగిలితే కరెంటు గుండె మీదుగా పోతుందట. ఆ భంగిమలో చూసి మొదట్లో పక్కింటి పెద్దాయన, ఈయనకేదో పక్షవాతమనుకుని సూప్ తెచ్చిచ్చాడు.

తప్పులనే ప్రేమించడం వీళ్ళ మరో లక్షణం. మెట్టు నొక్కగానే ‘టక్’మని చిన్న చప్పుడొస్తుంది. హామండ్ ఇంజనీర్లు దాన్ని లోపమనుకుని అణచడానికి నానా తంటాలు పడ్డారు. జాజ్‌వాళ్ళు అదే కావాలన్నారు. ఇప్పుడు కంప్యూటరుతో హామండ్‌ని అనుకరించే వాయిద్యాలు ఆ టక్కుని పనిగట్టుకుని కల్పిస్తున్నాయి. లెస్లీ స్పీకరు సంగతీ అంతే. డాన్ లెస్లీ అనే ఆయన కొమ్ము తిరిగే స్పీకరు పెట్టె చేసి తెస్తే హామండ్ గారు ఛీకొట్టారు. లోకం మాత్రం అది పక్కన లేని హామండ్‌ని హామండే కాదంది. ఏ-100లో స్పీకర్లు ఉన్నాయి కదా అని మేం ఊపిరి పీల్చుకున్నాం. మరో ఆదివారం మళ్ళీ బిర్యానీ అన్నారు. లెస్లీలో తిరిగే కొమ్ములు రెండు, మోగేది ఒకటే, రెండోది ఉత్తుత్తిది, తూకం కోసం. “మన ఇంట్లో లాగే,” అంది వదిన. ఆ ఉత్తుత్తిది ఎవరో ఎవరూ అడగలేదు.

ఇలా ఉండగా అత్తయ్యగారు తెనాలి నుంచి ఆరునెలల వీసా మీద దిగారు. పద్యనాటకాలూ హార్మోనియాలూ ఎరిగిన ప్రాణం. గరాజులోకి వచ్చి పెట్టె చుట్టూ ఓ ప్రదక్షిణం చేసి, “తిత్తి ఎక్కడుంది అల్లుడుగారూ?” అన్నారు.

“తిత్తి లేదండీ. కరెంటు.”

“కరెంటు పోతే?”

“ఇక్కడ పోదండీ.”

“మరి ఇన్నాళ్ళనుంచీ మోగట్లేదేం?”

ఈ ప్రశ్న వేసే ధైర్యం మా ఎవ్వరికీ లేకపోయింది. ఆయన దెబ్బతిన్నాడు. దెబ్బతిన్నవాడు పట్టుదలకి పోయి, శివరాత్రి లోపల చక్రాలూ తీగలూ కెపాసిటర్లూ అన్నీ కలిపి బిగించేశాడు. వెనక చెక్క కూడా పెట్టేశాడు. మేం ఆ చెక్కని అంతకుముందెప్పుడూ చూడలేదు.

అందరినీ కూర్చోబెట్టారు. హామండ్‌ని మోగించడానికి ఒక స్విచ్చి చాలదు. ‘స్టార్ట్’ అని ఉన్నది ఎనిమిది సెకన్లు పట్టుకోవాలి, ఒక మోటారు చక్రాల్ని తిప్పి వేగం అందిస్తుంది. వదలకుండానే ‘రన్’ వేసి మరో నాలుగు సెకన్లు ఆగితే అసలు మోటారు పగ్గాలు అందుకుంటుంది. అన్నయ్య పెదాలు కదులుతున్నాయి. లెక్కో, ఆంజనేయ దండకమో తెలియదు. సి మేజర్ పలికింది. లెస్లీ తిరిగింది. నిజం చెప్పొద్దూ, ఒళ్ళు జలదరించింది.

అత్తయ్యగారు గొంతు సవరించుకుని పద్యం ఎత్తుకున్నారు. రాగం తీసేసరికి గొంతు అందలేదు.

“కొంచెం శృతి దించండి అల్లుడుగారూ.”

“దిగదండీ. శృతి పవర్‌హౌస్‌లో...”

“తెలుసు, చెప్పారు. మా ఊళ్ళో అయితే మూడు మెట్లు దిగుతుందన్నారుగా? నాకు సరిగ్గా అదే శృతి.”

అన్నయ్య చెయ్యి మెట్లమీంచి లేచింది. కళ్ళు గోడమీది ప్లగ్గుకేసి వెళ్ళాయి. “తమ్ముడూ, మోటారు ఒక్కదానికీ ఫ్రీక్వెన్సీ మార్చే ఇన్వర్టరు పెట్టి, ఇక్కడే 50 సైకిళ్ళు పుట్టిస్తే...”

“అమ్మా, నిన్నెవరు పాడమన్నారే!” అంది వదిన.

వెనక చెక్క అప్పటికే గోడకి ఆనింది. పియానో క్లాసులకి వెళ్ళే వాళ్ళమ్మాయి వచ్చి బల్లమీద కూర్చుని, సి వదిలేసి ఎడమపక్క ఉన్న ఏ మీద వేళ్ళు పెట్టి కార్డ్ వాయించింది. అత్తయ్యగారి గొంతు అందులో ఇట్టే ఇమిడిపోయింది. పద్యం మొత్తం పాడేశారు.

“చూశావా నాన్నా, మూడు కీలు పక్కకి జరిగితే చాలు.”

“అది వాయించేవాళ్ళ పద్ధతమ్మా,” అన్నాడు అన్నయ్య, ఎడమచెయ్యి జేబులో పెట్టుకుంటూ. “నువ్వు కట్టేసి, ఆ టార్చి ఇటు పట్టు.”