తిరగని మీటరుకి దండాలు

సుప్రానా, స్కైలైనా? పాతికేళ్ళు నిండిన స్కైలైన్ ఆర్34 జీటీ-ఆర్‌లు నెలకిన్ని చొప్పున అమెరికా రేవుల్లో ఓడ దిగటం మొదలైనప్పటి నుంచి ఈ ప్రశ్నకు పట్టిన వైభోగం ఇంతా అంతా కాదు. ఒక పక్క 1994 టొయోటా సుప్రా టర్బో ఫొటోలు, ఇంకో పక్క 1999 నిస్సాన్ స్కైలైన్ ఫొటోలు పరుచుకుని, పెళ్ళిచూపులకు వెళ్ళిన మేనమామలా రంగూ రూపూ వంశం పుట్టిన నెలా అన్నీ ఆరా తీస్తారు. తీరా మాట తేలేది కట్నం దగ్గరే: ‘ఐదేళ్ళాగితే ఏది ఎక్కువ పలుకుతుంది?’ ఇది కారు కొనేవాడు అడిగే ప్రశ్న కాదు, బంగారం కొట్టు ముందు నిలబడ్డవాడు అడిగేది. అలాంటప్పుడు ఆ బంగారమే కొనుక్కోవచ్చుగా? దానికి ఆయిలు మార్చక్కర్లేదు, దాని వైర్లు ఎలకలు కొరకవు.

రెంటికీ తేడా లేదని కాదు. సుప్రాది మూడు లీటర్ల 2జేజెడ్ ఇంజను, వెనక చక్రాలతో నడిచే బండి. స్కైలైన్‌ది 2.6 లీటర్ల ఆర్‌బీ26, అవసరాన్ని బట్టి ముందు చక్రాలకు కూడా బలం పంచే ఏర్పాటు. రెంటికీ వరసగా ఆరు సిలిండర్లు, జంట టర్బోలు, ఇనప బ్లాకు. జపాన్ కాగితాల్లో రెండూ 280 హార్స్‌పవరే. అదీ పూర్తి నిజం కాదు. అంతకు మించి ప్రకటించకూడదని అక్కడి కంపెనీలన్నీ పెద్దమనుషుల ఒప్పందం చేసుకుని, 2004 దాకా బుద్ధిమంతుల్లా అదే అంకె వేసుకుంటూ వచ్చాయి. ఆ అబద్ధపు అంకె పట్టుకుని ఇవాళ జుట్లు పీక్కునేవాళ్ళని చూస్తే జాలేస్తుంది. ఏది వేగంగా పోతుందో తేలాలంటే ముందు రెంటిలో ఒకటైనా కదలాలి కదా.

ఇక ఆ పాతికేళ్ళ నియమం. 1988 నాటి చట్టం ప్రకారం, అమెరికా భద్రతా ప్రమాణాలకు తగినట్టు కట్టని కారు అక్కడి రోడ్ల మీదికి రాకూడదు. ఎప్పటిదాకా? దాని ఇరవయ్యైదో పుట్టినరోజు దాకా. ఇరవైనాలుగేళ్ళ పదకొండు నెలల స్కైలైన్ జనం ప్రాణాలకు ముప్పు. నెల తిరిగి, గొట్టాలు ఇంకాస్త ఎండి, రబ్బరు ఇంకాస్త బిరుసెక్కాక ముప్పు లేదు, లోపలికి దయచేయొచ్చు. పొరుగున కెనడాలో అదే ముప్పు పదిహేనేళ్ళకే తీరిపోతుంది. మన దేశంలోకైతే మూడేళ్ళు దాటిన పాతకారును మామూలుగా తేనివ్వరు. అందుచేత హైదరాబాదు కుర్రాళ్ళకు ఈ వాదన పైసా ఖర్చులేని కాలక్షేపం. అదృష్టవంతులు.

అయినా నన్ను మండించేది చట్టం కాదు, మీటరు. ఏ ప్రకటన చూడండి, ఇంజను సంగతి కన్నా ముందు ‘చాలా తక్కువ తిరిగింది’ అన్న మాటే ఉంటుంది. పాతికేళ్ళలో పదివేల కిలోమీటర్లట. ఆ మాట వినగానే చేతులు జోడిస్తారు. పాతికేళ్ళు ఒకచోట కూర్చున్న మనిషిని చూపించి ‘మోకాళ్ళు అసలు అరగలేదండీ’ అంటే ఏ వైద్యుడైనా మెచ్చుకుంటాడా? పట్టుచీర సంగతి మన ఆడవాళ్ళకి తెలుసు. బీరువాలో పెట్టి ముట్టకుండా వదిలేస్తే మడతల దగ్గరే చీలుతుంది, అందుకే అప్పుడప్పుడు తీసి మడత మారుస్తారు. ఊరి రథాన్నయినా ఏడాదికోసారి బయటికి లాగుతారు. రథానికున్నపాటి యోగం గంటకు వంద మైళ్ళు దాటి పోవటానికే పుట్టిన యంత్రానికి లేకపోయింది.

నిలబెట్టిన బండిలో ఏం జరుగుతుందో ఏ మెకానిక్‌నైనా అడగండి. బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీలుస్తుంది, లోపల తుప్పు మొదలవుతుంది. ట్యాంకులో పెట్రోలు పాడై జిగురు కడుతుంది. ఆయిలు తగలక సీళ్ళు గట్టిపడి, మళ్ళీ స్టార్టు చేసిన నాడు కారటం మొదలెడతాయి. ఈ రెండు ఇంజన్లకీ టైమింగ్ బెల్టే ఉంది. బెల్టు రబ్బరుకు కిలోమీటర్లతో పాటు ఏళ్ళు కూడా లెక్కే. మీటరు చూసి ‘ఇంకా కొత్తదే’ అనుకున్నవాడికి, ఆ బెల్టు తెగిన రోజున కవాటాలు పిస్టన్లకు తగులుతాయేమోనని ఆలోచించే తీరిక కూడా ఉండదు.

పైగా ఆ అంకెను నమ్మేదెలా? మీటరు వెనక్కి తిప్పటం పాతకార్ల వ్యాపారమంత పాత విద్య. 2010, అంతకు ముందు మోడళ్ళకు, పదేళ్ళు దాటితే అమ్మేవాడు మీటరు అంకెను చట్టబద్ధంగా ధ్రువీకరించి ఇవ్వక్కర్లేదని అమెరికా ఫెడరల్ నిబంధనలే చెబుతున్నాయి. అంటే అంత పాత బండి మీటరును ప్రభుత్వమే పట్టించుకోవటం మానేసింది. దానికి మాత్రం వీళ్ళు వేలకు వేల డాలర్లు అదనంగా చెల్లిస్తారు! ఇందులో వ్యంగ్యానికి కూడా చోటు లేదు. ఇది దుర్మార్గం. ఎందరో ఇంజనీర్లు ఏళ్ళ తరబడి కూర్చుని మలిచిన పనితనాన్ని గుడ్డ కప్పి చీకట్లో పడేసి, దానికి భక్తి అని పేరు పెడుతున్నారు. చేతికి గ్రీజు అంటించుకుని, విప్పి బిగించి పని నేర్చుకునే కుర్రాడికి ఈ కార్లు ఒకప్పుడు అందేవి. ఇప్పుడు వాడి ముఖాన గ్యారేజీ తలుపు మూశారు.

‘ధర పెరిగిన మాట నిజం కాదా?’ అంటారు. నిజమే. 2021లో ‘ద ఫాస్ట్ అండ్ ద ఫ్యూరియస్’ సినిమాలో వాడిన నారింజరంగు సుప్రా ఐదున్నర లక్షల డాలర్లకు పోయింది. 2023లో అదే వరస సినిమాలోని నీలం ఆర్34 పదమూడున్నర లక్షలు దాటింది. కానీ ఆ డబ్బు ఇంజనుకు కట్టింది కాదు, స్టీరింగు ముందు కూర్చున్న హీరో పాల్ వాకర్‌కు కట్టింది. మీ గ్యారేజీలో ఉన్నదాన్ని ఆయన తోలలేదు. అసలు సుప్రా విలువ సుప్రాలోనే ఉంటే, కొనేవాళ్ళు కరువై 1998తో అమెరికాలో దాని అమ్మకం ఎందుకు ఆపేశారు? సినిమా వచ్చింది 2001లో. అంతకు మూడేళ్ళ ముందు షోరూముల్లో ఎవరూ ముట్టని బండి తెర మీద కనబడగానే కల్పవృక్షమైంది. పదిహేనేళ్ళ వయసులో ఆ తెర ముందు కూర్చున్నవాళ్ళకి ఇప్పుడు జీతాలు బాగా వస్తున్నాయి, ధర వాళ్ళ జ్ఞాపకానిది. వాళ్ళ పిల్లలు కూడా అదే జ్ఞాపకాన్ని అంతే ధర పెట్టి కొంటారని పందెం కాయటం జూదం.

‘తోలితే అరిగిపోతాయి, విడిభాగాలు దొరకవు’ అన్నది ఇంకో మాట. ఇప్పుడది చెల్లదు. నిస్సాన్ వాళ్ళు నిస్మో హెరిటేజ్ పేరుతో, టొయోటా వాళ్ళు జీఆర్ హెరిటేజ్ పేరుతో పాత భాగాలను మళ్ళీ తయారుచేసి అమ్ముతున్నారు. చవక కాదు, అన్నీ దొరకవు కూడా. కానీ తోలటానికి కాకపోతే కన్నతల్లి లాంటి కంపెనీ కొత్త భాగాలు పోతపోయటం దేనికి?

కాబట్టి రెంటిలో ఏదంటే, రశీదుల కట్ట లావుగా ఉన్నది. లక్షా యాభైవేల కిలోమీటర్లు తిరిగి, బెల్టు ఎప్పుడు మార్చారో, టర్బో ఎవరు విప్పారో తేదీలతో సహా కాగితం ఉన్నది, సుప్రా అయినా స్కైలైన్ అయినా. ‘తక్కువ తిరిగింది’ అన్నదాని దగ్గరికి వెళ్ళక తప్పకపోతే, బేరం మొదలెట్టే ముందు ఒకసారి కిందికి వంగి టైరు పక్కన అచ్చుపోసిన నాలుగంకెలు చదవండి. 1402 అని ఉంటే అది 2002లో పద్నాలుగో వారం తయారైన టైరు. దాని మీద ఇంటిదాకా కూడా తోలుకెళ్ళకండి.