నల్లచెరువు కొట్టంలో ఒక పాలమిషన్ ఆత్మకథ

నేను పాలు పితికే మిషన్‌ను. కదిరి నుంచి మదనపల్లె వెళ్లే దారిలో, నల్లచెరువు దగ్గర ఒక కొట్టంలో ఖాళీ దాణా సంచుల కింద పడివున్నాను.

మా తొలితరం యంత్రాలు ఆవు చన్నులను ఆపకుండా పీల్చేవి. రక్తం గూడుకట్టి చన్నులు కందిపోయేవి. 1895లో గ్లాస్గోకు చెందిన అలెగ్జాండర్ షీల్స్ పల్సేటర్‌ను రూపొందించాక పట్టడం, వదలడం నేర్చుకున్నాం. దూడ కుడిచే తీరూ అదే. నిమిషానికి 60 సార్లు పట్టి వదలడం నా పని.

వానల్లేక శనక్కాయ చేతికి రాని ఏడు ఈ ఇంటిని నిలబెట్టింది ఆవులే. నేను వచ్చిన కొత్తలో ఇంటావిడ నన్ను కంటికి రెప్పలా చూసుకుంది. పొదుగు కడిగి, పొడిగుడ్డతో తుడిచేది. మొదటి ధారలు నల్లటి గిన్నెలోకి పిండి, తరకలు పడ్డాయేమోనని వంగి చూసేది. పడితే పొదుగువాపు మొదలైనట్టే. ఆ ఆవు పాలు వేరుగా తీసేది. ఆవు చేపగానే నన్ను తగిలించేది. చేపు నిలిచేది ఐదారు నిమిషాలే కదా! పేడ తుంపర, వెంట్రుక పడకుండా పాలను క్యానులోకి చేర్చినందుకు ఈనాటికీ నాకు గర్వమే. పని కాగానే గోరువెచ్చని నీళ్లు, ఆ తర్వాతే మందుపొడి కలిపిన వేడినీళ్లు. ముందే వేడినీళ్లు పోస్తే పాలలోని మాంసకృత్తులు గొట్టాలకు అంటుకుపోతాయని ఆమెకు తెలుసు.

మోకాళ్ల నొప్పులతో ఆమె కొట్టానికి రావడం మానేసింది. నాకు కష్టాలు మొదలయ్యాయి. చన్నుల రబ్బరు తొడుగులను సుమారు 2,500 సార్లు పితికాక మార్చాలి. నావి పగుళ్లిచ్చినా ఎవరూ పట్టించుకోలేదు. ఆ పగుళ్లలో పాలు నిలిచి పులిసేవి. గొట్టాల్లో పసుపు పొర గట్టిపడింది. కడగడమంటే ఒక చెంబెడు చన్నీళ్లు. పాలు ఆగిపోయినా నన్ను తీసేవాళ్లు కాదు; ఉత్త చన్నులను పీలుస్తుంటే ఆవు కాలు విదిలించేది. దాని నొప్పి నాకు తెలుస్తూనే ఉండేది.

మన ఎండల్లో క్రిములు అరగంట తిరక్కుండా రెట్టింపవుతాయి. ఒకరోజు పాలసేకరణ కేంద్రంలో వేడిచేసి చూస్తే మా పాలు విరిగిపోయాయి. ఒక ఆవుకు పొదుగు వాచింది. "మిషన్‌తో పితికితే ఇంతే" అన్నారు. తొడుగుల సంగతి ఒక్కరూ ఎత్తలేదు. నన్ను మూలకు నెట్టారు.

ఇప్పుడు అప్పు చేసి కొత్త మిషన్ కొందామంటున్నారు. పాలు చల్లబరిచే ట్యాంకు ఉందిగా అని ధైర్యం కూడా. 4 డిగ్రీల చలి క్రిములను త్వరగా పెరగనివ్వదు, అంతే. అప్పటికే చేరినవాటిని చంపదు. పాల మంచిచెడ్డలు కొట్టంలోనే తేలిపోతాయి.

అయ్యా, నా మోటారు బాగానే ఉంది. అప్పుకు పోకముందు నాలుగు రబ్బరు తొడుగులు మార్చండి. గొట్టాలు తోమించండి. ఆ నల్లగిన్నె ఎక్కడుందో పెద్దమ్మనడిగి, రోజూ ఎలా చూసేదో నేర్చుకోండి. అది నేర్చుకోకపోతే, రేపు వచ్చే మిషన్‌కూ నా గతే పడుతుంది.