తీగ కన్నా కాగితమే పొడవు

ప్రజాధనం చేతిలో ఉండగా దానిని ఖర్చు కాకుండా కాపాడటం ఎలాగన్న ప్రశ్నకు, ఆధునిక పాలనాశాస్త్రంలో అమెరికా ఇచ్చినంత సమగ్రమైన సమాధానం మరే దేశమూ ఇవ్వలేదు. 2021 నవంబరు 15న అధ్యక్షుడు జో బైడెన్ సంతకం చేసిన మౌలిక వసతుల చట్టం, హైస్పీడ్ ఇంటర్నెట్ అందని ఇళ్లకు దానిని చేర్చడానికి 4,245 కోట్ల డాలర్లు కేటాయించింది. ‘బీడ్’ అనే పొట్టిపేరుతో ప్రసిద్ధమైన ఈ పథకంలో కేంద్రం స్వయంగా తీగ లాగదు. వాణిజ్య శాఖలోని ఎన్‌టీఐఏ అనే సంస్థ రాష్ట్రాలకు గ్రాంటు ఇస్తుంది. రాష్ట్రాలు ఆ సొమ్మును టెలికాం కంపెనీలకూ సహకార సంఘాలకూ ఉపగ్రాంట్లుగా పంచుతాయి. అవి తీగ లాగుతాయి. చెప్పుకోవడానికి మూడే మెట్లు. అయినా 2024 ముగిసేనాటికి ఈ సొమ్ముతో ఒక్కటంటే ఒక్క ఇంటికి కూడా కనెక్షన్ రాలేదు.

దీనిని అలసత్వమని నిందించడం అన్యాయమవుతుంది, ఎందుకంటే ఈ కాలమంతా ఎవరూ చేతులు ముడుచుకుని కూర్చోలేదు. రాష్ట్రాలు ముందుగా ఆసక్తి తెలుపుతూ లేఖలు రాశాయి. ప్రణాళిక వేసుకోవడానికి విడిగా నిధులు తీసుకున్నాయి. 270 రోజుల్లో పంచవర్ష కార్యాచరణ ప్రణాళిక సమర్పించాయి. 2023 జూన్ 26న ఎవరి వాటా ఎంతో తెలుసుకున్నాయి. ఆ ఏడాది చివరికి తొలి ప్రతిపాదనను రెండు సంపుటాలుగా పంపాయి. ఆపై అభ్యంతరాల విచారణ, ఉపగ్రాంటుదారుల ఎంపిక, తుది ప్రతిపాదన అనే దశల్లోకి ప్రవేశించాయి. ప్రతి దశకూ ఒక గడువు ఉంది, దాదాపు ప్రతి గడువునూ అందరూ పాటించారు. సకాలంలో పూర్తయిన పనులన్నింటినీ ఒకదాని పక్కన ఒకటి పేర్చగా ఏర్పడిన మొత్తాన్నే ఆలస్యం అంటున్నారు.

ఈ పథకానికి ఆయువుపట్టు పటం. పూర్వం ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్ జనగణన బ్లాకును కొలమానంగా పెట్టుకుని, ఒక బ్లాకులో ఒక్క ఇంటికి సేవ అందితే బ్లాకులోని ఇళ్లన్నింటికీ అందినట్టే లెక్క రాసేది. ఈ అద్వైతాన్ని విడిచి, 2022 నవంబరులో ఇంటింటినీ గుర్తించే కొత్త పటాన్ని విడుదల చేశారు. ఏ ఇంటికి సేవ ఉందో చెప్పవలసింది మాత్రం కంపెనీలే. అడిగిన పది పనిదినాల్లో అదనపు రుసుము లేకుండా కనెక్షన్ ఇవ్వగలమని కంపెనీ చెబితే, ఆ ఇంటికి తీగ లేకపోయినా సేవ ఉన్నట్టే. ఇది అబద్ధమని తెలిసిన గృహస్థు, రాష్ట్రస్థాయి అభ్యంతరాల దశలో నేరుగా ఫిర్యాదు చేయడానికి వీలు లేదు. స్థానిక ప్రభుత్వమో, లాభాపేక్ష లేని సంస్థో, మరో ఇంటర్నెట్ కంపెనీయో అతని తరఫున చేయాలి. వేగం చాలడం లేదన్నది ఫిర్యాదు అయితే, నమూనా నిబంధనల ప్రకారం వేర్వేరు రోజుల్లో తీసిన మూడు కొలతలు జతపరచాలి. ఇంటర్నెట్ సరిగా రావడం లేదని రుజువు చేసుకోవడానికి మూడు రోజుల పాటు ఇంటర్నెట్ రావాలన్నమాట.

పటం తర్వాత పరీక్ష డబ్బుది. 2022 నాటి నిబంధనల ప్రకారం, ఉపగ్రాంటు కోరే సంస్థ సాధారణంగా ప్రాజెక్టు వ్యయంలో కనీసం 25 శాతం సొంతంగా భరించాలి. అదనంగా, మంజూరయ్యే సొమ్ములో 25 శాతానికి లెటర్ ఆఫ్ క్రెడిట్ చూపాలి, అంటే పని చెడితే ఆ మొత్తాన్ని తాము చెల్లిస్తామని బ్యాంకు రాసిచ్చే హామీపత్రం తేవాలి. బ్యాంకు ఊరకే హామీ ఇవ్వదు కాబట్టి, ఆ మేరకు సొమ్ము బ్యాంకులో ఇరుక్కుపోతుంది. పెద్ద కంపెనీకి ఇదొక సంతకం. రెండు మూడు మండలాలంత ప్రాంతానికి సేవలందించే చిన్న సహకార సంఘానికి ఉరితాడు. అప్పు పుట్టనివాడికే సాయం చేస్తామని, అప్పు పుడుతుందన్న రుజువు తెమ్మనడంలోని వైరుధ్యాన్ని గుర్తించి, 2023 నవంబరులో ఈ షరతును సడలించారు. ఆ సడలింపును అమలు చేసే పద్ధతిపై మరికొన్ని కాగితాలు వెలువడ్డాయి.

దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు; ఇక్కడ పూజారులు మారినప్పుడల్లా పూజావిధానమూ మారింది. మొదటి నిబంధనలు ఆప్టికల్ ఫైబర్‌కు, అంటే కాంతి రూపంలో సమాచారాన్ని మోసే గాజుతీగకు, పెద్దపీట వేశాయి. మెట్లన్నీ ఎక్కిన లూసియానా రాష్ట్రపు తుది ప్రణాళికకు 2025 జనవరిలో ఆమోదం లభించింది. అంతలో ప్రభుత్వం మారింది. 2025 జూన్ 6న వెలువడిన కొత్త ఉత్తర్వు, కార్మిక, పర్యావరణ షరతులు కొన్నింటిని ఎత్తివేసి, ఉపగ్రహ సేవలతో సహా ఏ సాంకేతికతైనా సరే తక్కువ ఖర్చే ప్రధానమని ప్రకటించి, పాత ఆమోదాలను రద్దు చేసి, రాష్ట్రాలన్నీ మరో విడత పోటీ నిర్వహించి 90 రోజుల్లో కొత్త ప్రతిపాదన పంపాలని ఆదేశించింది. అందరికన్నా ముందు పరీక్ష రాసి ఉత్తీర్ణమైన రాష్ట్రం కూడా, ఇంకా పుస్తకం తెరవని రాష్ట్రంతో కలిసి మళ్లీ పరీక్ష రాసింది. తీగకు బదులు ఉపగ్రహాన్ని ఎంచుకుంటే సొమ్ము మిగులుతుందని తేలడంతో, ఆ మిగులును ఎవరు, దేనికి వాడుకోవాలన్న వివాదం రాజుకుంది. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అన్న సామెతకు వాషింగ్టన్‌లో ఇంతటి ఆదరణ ఉంటుందని తెలుగువారు ఊహించి ఉండరు.

ఇదే చట్టం కడుపున పుట్టిన మరో పథకం మాత్రం క్రమశిక్షణ తప్పి ప్రజలకు ఉపయోగపడింది. 1,420 కోట్ల డాలర్లతో మొదలైన అఫర్డబుల్ కనెక్టివిటీ ప్రోగ్రామ్, తక్కువ ఆదాయం గల కుటుంబాల ఇంటర్నెట్ బిల్లులో నెలకు 30 డాలర్ల వరకూ, ఆదివాసీ భూముల్లో 75 డాలర్ల వరకూ తగ్గించింది. సుమారు 2.3 కోట్ల కుటుంబాలు అందులో చేరాయి. సంపుటాలు తక్కువగానూ లబ్ధిదారులు ఎక్కువగానూ ఉన్న ఈ పథకానికి నిధులు అయిపోగా, కాంగ్రెస్ మరో విడత సొమ్ము ఇవ్వకపోవడంతో అది 2024 జూన్ 1న ముగిసింది. తీగ ఉన్న ఇంట్లో బిల్లు కట్టే స్తోమత పోయింది. తీగ లేని ఇంటికి ప్రణాళిక సాగుతూనే ఉంది.

ఇంత పెద్ద దేశంలో ఇది సహజమేనని సర్దుకుందామంటే చరిత్ర అడ్డు వస్తుంది. 1930ల మధ్యలో అమెరికా రైతు కుటుంబాల్లో పదింట ఒకదానికి మాత్రమే కరెంటు ఉండేది. 1936 నాటి గ్రామీణ విద్యుదీకరణ చట్టం సహకార సంఘాలకు అప్పులిస్తే, అవే స్తంభాలు నాటి, తీగలు లాగి, ఇరవై ఏళ్లు తిరగకముందే అత్యధిక రైతుల ఇళ్లలో దీపాలు వెలిగించాయి. ఆ సంఘాల్లో కొన్ని ఈనాడు తమ స్తంభాల మీదనే ఇంటర్నెట్ తీగ వేయడానికి గ్రాంటు కోసం వరుసలో నిలబడ్డాయి. ఇది చదివి నవ్వుకునే భారతీయుడు, 2011లో ఆమోదం పొంది గడువు మీద గడువు మార్చుకుంటూ వచ్చిన భారత్‌నెట్‌ను తలుచుకుని కాస్త నెమ్మదిగా నవ్వడం మంచిది.

లెక్క అడిగే పద్ధతి ఉండవలసిందే. గతంలో వేలంలో గ్రాంటు గెలుచుకుని పని చేయకుండా తప్పుకున్న కంపెనీలు ఉన్నాయి. అయితే ఆ లెక్క పని ముగిశాక, ఇంటింటికీ కనెక్షన్ చూసి, దానిని బట్టి సొమ్ము చెల్లించేటప్పుడు అడగవలసినది. గ్రాంటు పథకాల ప్రతి వార్షిక నివేదికా మొదటి పేజీలో ఒకే ఒక అంకెతో మొదలవ్వాలి: ఆ ఏడాది కొత్తగా కనెక్షన్ వచ్చిన ఇళ్ల సంఖ్య. అది సున్నా అయితే సున్నా అనే అచ్చు వేయాలి. సంపుటాలన్నీ అనుబంధాల్లో చేర్చుకోవచ్చు.